పుక్కిలింపు మంచిదే, కానీ అదొక్కటే చాలదు



పంటి వైద్యానికి వెళ్ళి కుర్చీలో కూర్చోగానే ఈ మధ్య చాలా చోట్ల ముందుగా ఒక చిన్న కప్పు చేతికి ఇస్తున్నారు. అందులోని మందు నోట్లో పోసుకుని, ఒక నిమిషం బాగా పుక్కిలించి ఉమ్మివేయమంటారు. కొందరు మారు మాట్లాడకుండా చేస్తారు. కొందరు "ఇంటి దగ్గర పళ్ళు తోముకునే వచ్చాం కదండీ, మళ్ళీ ఇదెందుకు?" అని అడుగుతారు. మరికొందరు "మందు వేసి పుక్కిలించాం, ఇక మాకు ఏ ఇన్ఫెక్షనూ రాదు" అని పూర్తి ధీమాతో ఉంటారు.

ఈ రెండు మాటలూ సరి కావని మా అభిప్రాయం. వైద్యానికి ముందు పుక్కిలించడం ప్రతి దంత వైద్యశాలలోనూ అలవాటు కావాలి. రోగులు దానిని వద్దనకూడదు. అయితే అది శుభ్రతకు తోడు మాత్రమే, శుభ్రతకు బదులు కాదు. కప్పులో మందు ఇచ్చారు కదా అని మిగిలిన జాగ్రత్తలను వైద్యశాలవారు గాని, మనం గాని మరచిపోతే ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామో దయచేసి చివరి వరకూ చదవండి.

నోటిలో ఏముంటుంది?

మనుషుల నోళ్ళలో 700కు పైగా రకాల సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఒక్కొక్కరి నోటిలో వాటిలో కొన్ని రకాలు ఉంటాయి. ఎక్కువ భాగం మనకు హాని చేయనివే. కాని పళ్ళ మీద పాచి పేరుకున్నప్పుడు, అది గట్టిపడి గారగా మారినప్పుడు, చిగుళ్ళ నుండి రక్తం, చీము వస్తున్నప్పుడు హాని చేసే క్రిములు అక్కడే పెరుగుతాయి.

గార తీసే యంత్రపు మొన సెకనుకు పాతికవేల సార్ల వరకూ, కొన్నిటిలో అంతకు మించి కంపిస్తుంది. పన్ను అరగదీసే డ్రిల్లు నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. రెండింటికీ వేడి పుట్టకుండా నీరు చిమ్ముతూ ఉంటుంది. ఆ నీరు మన ఉమ్మితో, రక్తంతో, క్రిములతో కలిసి సన్నని తుంపరగా గాలిలోకి లేస్తుంది. పెద్ద చుక్కలు డాక్టరుగారి ముఖం మీద, నర్సమ్మ చేతుల మీద, పక్కనున్న బల్ల మీద పడతాయి. మరీ సన్ననివి కొంతసేపు గాలిలోనే తేలుతుంటాయి. తరువాత ఆ కుర్చీలో కూర్చునేవారు కూడా ఆ గాలినే పీల్చవలసి వస్తుంది.

వైద్యానికి ముందు మందుతో పుక్కిలిస్తే నోటిలోని క్రిముల సంఖ్య కొంతసేపు బాగా తగ్గుతుంది. అప్పుడు తుంపరలో కూడా క్రిములు తక్కువ ఉంటాయి. ఇందులో ఉన్న విషయమంతా ఇదే. ఇంట్లో బ్రష్షు చేసుకోవడం వల్ల పాచి పోతుంది గాని, నాలుక మీద, బుగ్గల లోపల, గొంతు దగ్గర ఉన్నవి అలాగే ఉంటాయి. అందుకే తోముకుని వచ్చినా పుక్కిలించమంటారు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ పనికి ఎక్కువగా వాడే మందు క్లోర్‌హెక్సిడిన్. ఇది 1950లలో ఇంగ్లాండులో తయారైంది. దీనితో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పళ్ళ మీద పాచి పట్టకుండా ఆగుతుందని 1970లో డెన్మార్కు పరిశోధకులు చూపించారు. అప్పటినుండి దంతవైద్యంలో దీనికి మంచి పేరు ఉంది. మన దుకాణాలలో ఇది సాధారణంగా 0.2 శాతం బలంతో దొరుకుతుంది. కొన్నిచోట్ల పోవిడోన్ అయోడిన్, కొన్నిచోట్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వాడతారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వైద్యానికి ముందు పుక్కిలించే అలవాటు అనేక దేశాలలోని దంత వైద్యశాలలకు పాకింది.

తుంపరలోని క్రిముల సంఖ్య తగ్గుతుందనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో 2019లో వచ్చిన ఒక సమీక్ష అనేక పరిశోధనలను కలిపి చూసి, ఈ తగ్గుదల సగటున దాదాపు 65 శాతం ఉందని చెప్పింది.

అయితే క్రిములు తగ్గడం వేరు, జబ్బులు తగ్గడం వేరు. ఈ తేడాను పాఠకులు గమనించాలి. 2022లో కాక్రేన్ సంస్థవారు ఇదే విషయం మీద 17 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 830 మందిని పరిశీలించారు. పుక్కిలించడం వల్ల దంతవైద్య సిబ్బందికి ఎంతమందికి జబ్బు రాకుండా ఆగింది అనే లెక్క ఆ 17లో ఒక్కదానిలోనూ లేదు. అన్నీ క్రిములను లెక్కపెట్టినవే. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2003లో ఇచ్చిన దంతవైద్య మార్గదర్శకాలలో కూడా ఈ విషయాన్ని తేలని ప్రశ్నగానే ఉంచింది. చెయ్యమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

అయినా మేము కావాలనే అంటున్నాం

ఆధారం పూర్తిగా లేనప్పుడు ఎందుకు చేయించాలి అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది.

మొదటిది, ఖర్చు. ఒక్కొక్కరికి కావలసింది 10 నుండి 15 మి.లీ. మందు, ఒక నిమిషం సమయం. ఇంత తక్కువ ఖర్చుతో తుంపరలోని క్రిములను సగానికి పైగా తగ్గించగలిగితే దానిని వదులుకోవడానికి కారణం కనిపించదు. డాక్టరు మాస్కు వేసుకుంటారు, కళ్ళద్దాలు పెట్టుకుంటారు. కాని గది ఊడ్చే ఆయమ్మకు, బయట బెంచీ మీద పసిబిడ్డతో కూర్చున్న తల్లికి ఆ రక్షణ ఉండదు. మనం ఒక నిమిషం పుక్కిలించడం వారి కోసం కూడా.

రెండవది, పన్ను తీయించుకునేవారికి ఇందులో నేరుగా లాభం ఉంది. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి ఒక మూతలాగా ఉంటుంది. ఆ గడ్డ ఊడిపోతే లోపలి ఎముక బయటపడి, రెండు మూడు రోజుల తరువాత చెవి వరకూ లాగే విపరీతమైన నొప్పి, దుర్వాసన వస్తాయి. దీనిని డ్రై సాకెట్ అంటారు. కింది జ్ఞానదంతాలు తీసినప్పుడు ఇది ఎక్కువ. పొగ తాగేవారికి ఇంకా ఎక్కువ. పన్ను తీయడానికి ముందు, తిరిగి 24 గంటలు గడిచిన తరువాత క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తే డ్రై సాకెట్ తగ్గే అవకాశం బాగా ఉందని మరొక కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఇది క్రిముల లెక్క కాదు, మనుషుల నొప్పి లెక్క.

ఇక్కడ ఒక హెచ్చరిక. పన్ను తీసిన మొదటి రోజున గట్టిగా పుక్కిలించకండి, పదే పదే ఉమ్మివేయకండి. ఆ ఊపుకే గడ్డ ఊడిపోతుంది. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో నెమ్మదిగా పుక్కిలించవచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్ ఆ కొద్ది రోజులైనా ముట్టవద్దు. ఉత్తర కోస్తాలో అడ్డపొగ తాగే అమ్మలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం. నిప్పు నోటి లోపల ఉండే ఆ అలవాటు అంగిలిలో క్యాన్సరుకు కూడా దారి తీస్తుంది. పంటి నొప్పి తగ్గిన తరువాత కూడా దానిని మళ్ళీ మొదలుపెట్టకుండా ఉంటే అంతకన్నా మేలు లేదు.

అందరికీ ఒకే మందు కాదు

ఎంత మంచి మందుకైనా కొన్ని హద్దులు ఉంటాయి. క్లోర్‌హెక్సిడిన్‌కు అరుదుగా కొందరిలో తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వంటివి కలగవచ్చు. ఈ విషయమై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది. ఇంతకు ముందు ఏ మౌత్‌వాష్‌కైనా, గాయాలు కడిగే మందుకైనా మీకు దద్దుర్లు వచ్చి ఉంటే కుర్చీ ఎక్కక ముందే చెప్పండి.

థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు అయోడిన్ కలిసిన మందు పుక్కిలించే ముందు తమ సంగతి డాక్టరుగారికి తెలపాలి. ఆరేళ్ళ లోపు పిల్లలకు పుక్కిలించి ఉమ్మివేయడం సరిగా రాదు, మింగేస్తారు. కాబట్టి వారికి ఇవ్వకూడదు.

ఇంకొక మాట. వైద్యశాలలో ఇచ్చారు కదా అని బాటిలు కొనుక్కుని నెలల తరబడి ఇంట్లో వాడేవారు ఉన్నారు. క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద, నాలుక మీద గోధుమరంగు మరకలు పడతాయి. నోటికి రుచి తెలియదు. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులే వాడాలి. టూత్‌పేస్టులోని నురుగు పదార్థం ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది కనుక, పళ్ళు తోముకున్న అరగంట తరువాత పుక్కిలించడం మంచిది. పుక్కిలించిన వెంటనే నీళ్ళతో కడుక్కుంటే మందు పోతుంది.

గుండె జబ్బు ఉన్నవారికి ప్రత్యేకంగా

చిన్నతనంలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవారు మన కుటుంబాలలో చాలామందే ఉన్నారు. కవాటం మార్పించుకున్నవారు ఉన్నారు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న పిల్లలు ఉన్నారు. పంటి వైద్యంలో చిగుళ్ళ నుండి క్రిములు రక్తంలోకి వెళ్ళి, ఇటువంటి గుండెలో కూర్చుని ఎండోకార్డైటిస్ అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించవచ్చు.

పుక్కిలింపు ఈ ప్రమాదాన్ని ఆపదు. మందు నోటి పైపైన పనిచేస్తుంది గాని, చిగుళ్ళ లోతుకు, రక్తంలోకి చేరదు. అమెరికా గుండె వైద్యుల సంఘం 2007లో ఇచ్చిన సూచనల ప్రకారం కృత్రిమ కవాటం ఉన్నవారికి, ఇంతకు ముందు ఎండోకార్డైటిస్ వచ్చినవారికి, కొన్ని రకాల పుట్టుక లోపాలు ఉన్నవారికి చిగుళ్ళను కదిలించే వైద్యానికి ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాలి. 2021లో కూడా ఆ సంఘం ఇదే మాటను నిలబెట్టింది. మీకు అది అవసరమా కాదా అన్నది గుండె డాక్టరు, పంటి డాక్టరు కలిసి తేల్చాలి. వారికి ఆ అవకాశం ఇవ్వవలసినది మీరే.

చెప్పడానికి విచారంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. "గుండె జబ్బు ఉందంటే పన్ను తీయరేమో" అనే భయంతో చాలామంది ఆ సంగతి దాచిపెడతారు. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్ తీసుకుంటున్న సంగతి, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్న సంగతి చెప్పరు. కొందరు ఆ మాత్రలు తమంతట తామే ఆపి వస్తారు. దయచేసి అలా చేయవద్దు. మీ చీటీలన్నీ వెంట తెచ్చుకోండి. షుగరు ఉన్నవారు కూడా తప్పక చెప్పండి.

దీనికి మరొక వైపు కూడా ఉంది. గుండె జబ్బు ఏమీ లేనివారు "ఎందుకైనా మంచిది" అని దుకాణంలో యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకుని వస్తుంటారు. అవసరం లేని యాంటీబయాటిక్ వల్ల క్రిములు మొండికెత్తుతాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయదు. పళ్ళు తోమినా, అన్నం నమిలినా కొన్ని క్రిములు రక్తంలోకి వెళుతూనే ఉంటాయి. కాబట్టి గుండెకు నిజమైన కాపలా రోజూ రెండు పూటలా చేసే నోటి శుభ్రతే.

వాణియంబాడి చెప్పిన పాఠం

పుక్కిలింపుతో సరిపెట్టుకోకూడదని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నామో ఇప్పుడు చెబుతాం. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే తమిళనాడులో వాణియంబాడి అనే పట్టణం ఉంది. 2022, 2023 సంవత్సరాలలో ఆ ప్రాంతం నుండి కొందరు రోగులు జ్వరం, తలనొప్పి, మాట తడబడడం, ముఖం ఒకవైపు పడిపోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. మట్టిలో, నీటిలో ఉండే ఒక బాక్టీరియా వారి మెదడును పట్టింది. ఆ జబ్బు పేరు మెలియాయిడోసిస్.

మన వారు చాలామంది చికిత్సకు వెళ్ళే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు, ఇతర సంస్థల పరిశోధకులతో కలిసి దీని మూలం వెతికారు. వారిలో 10 మంది ఒకే దంత వైద్యశాలలో వైద్యం చేయించుకున్నవారని తేలింది. ఆ పదిమందిలో 8 మంది చనిపోయారు. అక్కడ గాయం కడగడానికి వాడుతున్న సెలైన్ సీసాలో ఆ క్రిమి దొరికింది. శుద్ధి చేయని పనిముట్టుతో సీసా మూత తెరిచి, వదులుగా మూసి, అదే సీసాను తరువాత రోగులకు కూడా వాడారని పరిశోధకులు తెలిపారు. ఈ వివరాలు 2025లో లాన్సెట్ పత్రికల కుటుంబానికి చెందిన ఒక పత్రికలో వచ్చాయి.

ఆలోచించండి. ఆ రోగులు వైద్యానికి ముందు ఎంత మంచి మందుతో పుక్కిలించి ఉన్నా ఏమి లాభం? క్రిమి వారి నోటిలో లేదు, సీసాలో ఉంది. పుక్కిలింపు మన నోటిలోని క్రిములను తగ్గిస్తుంది గాని, వైద్యశాల పనిముట్ల మీద, నీళ్ళ గొట్టంలో, సెలైన్ సీసాలో ఉన్నవాటిని ఏమీ చేయలేదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బ్రతికి ఉంటుంది. దానిని చంపవలసినది ఆటోక్లేవ్ గాని మౌత్‌వాష్ కాదు. పనిముట్లను వేడినీళ్ళలో మరిగిస్తే చాలదు. ఒత్తిడితో కూడిన ఆవిరిలో, 121 డిగ్రీల వేడిలో, నిర్ణయించిన సమయం వరకూ ఉంచాలి.

అడగడం తప్పు కాదు

డాక్టరుగారిని ప్రశ్నించడం మర్యాద కాదని మన పెద్దలు అనుకుంటారు. కాని వినయంగా అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోపగించుకోరు. కుర్చీలో కూర్చునే ముందు ఈ మాటలు అడగవచ్చు:

"డాక్టరుగారూ, వైద్యానికి ముందు పుక్కిలించడానికి మందు ఇస్తారాండి?"

"పనిముట్లు ఆటోక్లేవ్ చేసినవేనా అండి? ప్యాకెట్టు నా ముందే విప్పుతారా?"

"చేతి తొడుగులు, సూది కొత్తవేనా అండి?"

"పన్ను తీసినచోట కడగడానికి వాడే సెలైన్ కొత్త సీసాయేనా అండి?"

అట్లే మన వంతు పనులు కూడా ఉన్నాయి. జలుబు, జ్వరం, దగ్గు ఉంటే, అత్యవసరం కానప్పుడు వైద్యాన్ని నాలుగు రోజులు వాయిదా వేసుకోవాలి. పళ్ళు తోముకుని రావాలి. మందు ఇచ్చినప్పుడు రెండు సెకన్లలో ఉమ్మివేయకుండా చెప్పినంతసేపు పుక్కిలించాలి. సంతలో, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని పళ్ళు పీకేవారి దగ్గరకు ఖర్చు తక్కువని వెళ్ళకూడదు. అక్కడ పుక్కిలించడానికి నీళ్ళు ఇచ్చినా పనిముట్లు శుద్ధి చేసే యంత్రం ఉండదు.

వైద్యశాలలు నడిపేవారికి కూడా మా మనవి ఒకటి ఉంది. రోగి అడిగే వరకూ ఆగకండి. ప్రతి రోగికీ, డబ్బు కట్టలేనివారికి కూడా, పుక్కిలించే మందు ఉచితంగానే ఇవ్వండి. కాని దానిని చూపించి మిగతావి తగ్గించకండి. ఒక రోగికీ మరొక రోగికీ మధ్య నీళ్ళ గొట్టాన్ని 20 నుండి 30 సెకన్లు వదలి కడగడం, కోత పడే వైద్యానికి శుద్ధి చేసిన నీటినే వాడడం, తెరిచిన సెలైన్ సీసాను మరొకరికి వాడకపోవడం, గది కిటికీలు తెరిచి ఉంచడం ఖర్చుతో కన్నా క్రమశిక్షణతో అయ్యే పనులు. రోగి కంటికి కనిపించేది కప్పులోని రంగు మందు. కనిపించనిది లోపలి గదిలోని ఆటోక్లేవ్. కనిపించని చోట నమ్మకంగా ఉండడమే వైద్యం.

కాబట్టి పాఠకులారా, ఈసారి ఆ చిన్న కప్పు మీ చేతికి ఇచ్చినప్పుడు కాదనకండి. నిమిషం పాటు పుక్కిలించండి. ఉమ్మివేసిన తరువాత, నోరు ఖాళీగా ఉన్న ఆ క్షణంలోనే, పనిముట్ల గురించి అడగండి, మీ గుండె సంగతి, మీ షుగరు సంగతి చెప్పండి. మీరూ మీ ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉండాలని మా కోరిక.